బాకీ లేదు

మా ఆఫీసులో రోజూ వినపడే మాట 'డెట్'. పూర్తిగా అంటే 'టెక్నికల్ డెట్'. గడువు తరుముకొస్తుంటే ఇవాళ్టికి పని జరిగేలా కోడ్ రాసేసి, సరిగ్గా రాయడాన్ని రేపటికి వాయిదా వేయడమన్నమాట. 1992లో వార్డ్ కనింగ్‌హామ్ అనే ప్రోగ్రామర్ తెచ్చిన పోలిక ఇది. ఆయన అప్పు తప్పనలేదు. త్వరగా తీర్చేస్తే కొంచెం అప్పు పనికొస్తుంది, తీర్చకపోతేనే వడ్డీ పెరుగుతుంది అన్నాడు. నాకు ఆ మాట ఈ అర్థంలోనే అలవాటైంది. అప్పంటే లెక్క. తేల్చేస్తే అయిపోతుంది.

అలా అనుకునే మావయ్యకి డబ్బు పంపించాను.

ఇంజనీరింగ్ రెండో ఏడు ఫీజు కట్టే టైముకి నాన్న చేతిలో డబ్బుల్లేవు. మావయ్య 40,000 తెచ్చిచ్చాడు. కాగితం లేదు, వడ్డీ మాటే లేదు. ఉద్యోగం వచ్చిన రెండేళ్లకి నేను బ్యాంకు రేటు చూసి, ఎక్సెల్‌లో లెక్కేసి, అసలూ వడ్డీ కలిపి ఆయన అకౌంటులో వేశాను. సాయంత్రం ఫోన్ చేశాడు. "వడ్డీ కట్టావేంట్రా? నేనేమైనా ఫైనాన్సు నడుపుతున్నానా?" నవ్వుతూనే అన్నాడు. మర్నాడు అసలు ఉంచుకుని వడ్డీ వెనక్కి పంపేశాడు. ఆయన ఎందుకు నొచ్చుకున్నాడో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

నిఘంటువులో డెట్ పక్కన అప్పు, బాకీ, రుణం అని వరసగా ఉంటాయి, ఏది వాడినా ఒకటేనన్నట్టు. నోటితో అని చూస్తే తేడా తెలుస్తుంది. అప్పు చేస్తాం, తీరుస్తాం. బాకీ అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన మాట, మూలంలో దానర్థం 'మిగిలినది' అనే. చేబదులుకి కాగితం ఉండదు, మాట నమ్మకమే. మావయ్య ఇచ్చింది చేబదులు. నేను తీర్చింది బ్యాంకు లోను.

ఇక రుణం. పేపర్లో రుణమాఫీ, గృహరుణం అని అప్పుకే వాడతారు. ఇంట్లో మాత్రం "మీ రుణం తీర్చుకోలేను" అంటాం. అదే "మీ అప్పు తీర్చుకోలేను" అని చూడండి, అవతలివాళ్లు కంగారుపడతారు. దేవతలకి, ఋషులకి, పితరులకి పుట్టుకతోనే రుణపడతామన్న ఊహ వేదకాలం నాటిది. సంతకం లేని అప్పు.

ఇంగ్లీషు మాట కూడా ఉత్త లెక్కల మాటేం కాదు. డెట్, డ్యూ, డ్యూటీ మూడూ ఒకే లాటిన్ మాట పిల్లలు. జర్మన్‌లో 'షుల్డ్' అంటే అప్పు, తప్పు రెండూ. 1887లో నీతి పుట్టుక మీద రాసిన పుస్తకంలో నీచె ఈ మాట పట్టుకునే, అపరాధభావానికి మూలం అప్పుల వ్యవహారంలో ఉందని వాదించాడు. మన రుణమాఫీలోనూ ఆ వాసన ఉంది. మాఫీ అంటే క్షమించడం. తీర్చలేకపోవడం నేరమైనట్టు.

అయితే రుణం గొప్పది, అప్పు చిన్నది అని తేల్చేద్దామా? నాకు భయం. పుట్టుకతో వచ్చే అప్పు మన పల్లెల్లో ఏం చేసిందో తెలుసు. తండ్రి తీసుకున్న అప్పుకి కొడుకు వెట్టిచాకిరీ చేశాడు. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం అలాంటి అప్పులు ఇక తీర్చక్కర్లేదంది. అక్కడ స్వేచ్ఛంటే 'బాకీ లేదు' అనగలగడమే. ఇళ్లలో కూడా, "కని పెంచాం" అన్న మాట పిల్లల పెళ్లి దగ్గర ఎలా వాడతారో మనలో చాలామందికి తెలుసు. అంకె లేని అప్పుని ఎంతైనా వసూలు చేయొచ్చు. అంకెలో ఒక మర్యాద ఉంది. ఇంతవరకే, ఆపైన నీ దారి నీది అంటుంది.

మరి నా వడ్డీలో తప్పేంటి? పోయిన నెల తెలిసింది. మావయ్య కొడుకు ఫోన్ చేశాడు. ఉద్యోగం పోయిందట, మూడు నెలలు మా ఫ్లాట్‌లో ఉండి ఇంటర్వ్యూలకి తిరగొచ్చా అని. నేను "చూసి చెప్తా" అన్నాను. కానీ అంతకుముందే మనసులో ఇంకో మాట వచ్చేసింది: వాళ్లకి మనమేం బాకీ లేముగా.

అప్పుడర్థమైంది. ఆ వడ్డీ కట్టింది మావయ్య నష్టపోకూడదని కాదు. ఇలాంటి ఫోన్ వచ్చిన రోజు కాదనే హక్కు ముందే కొనుక్కోడానికి. నాకు పదేళ్లు పట్టింది, మావయ్యకి ఒక్క సాయంత్రం సరిపోయింది.

నాకిప్పుడు తోస్తున్నది ఇంతే. రుణాన్ని ఇచ్చినవాడు అడిగితే అది వెట్టి అవుతుంది. తీసుకున్నవాడు తనంతట తాను ఒప్పుకుంటేనే అది రుణం. మావయ్య ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆ ఫీజు సంగతి ఎత్తలేదు. కాబట్టి ఎత్తాల్సింది నేనే.

వాడు పోయిన ఆదివారం వచ్చాడు. బ్యాగు కింద పెట్టకుండానే, "అద్దెలో నా వాటా ఎంతో చెప్పు బావా, రాసిపెట్టుకుంటా" అన్నాడు. వద్దనబోయి ఆగాను. లెక్క రాసుకోవడం వాడి మర్యాద. ఉద్యోగమొచ్చాక పంపుతాడు. అందులో ఎంత వెనక్కి పంపాలో అప్పుడు నేను చూసుకుంటాను.