తిన్నావా అని అడిగితే



ఎక్స్ఛేంజి పద్ధతిపై ఒక సెమిస్టరు చదవడానికి జర్మనీ వెళ్ళిన ఎమ్మెస్సీ విద్యార్థిని ఒకరిని తలచుకోండి. అక్టోబరు మొదటివారం. శనివారం రాత్రి పొద్దుపోయాక హాస్టలు చేరాడు. తెల్లవారితే ఆదివారం. ఆ దేశంలో ఆదివారంనాడు దుకాణాలు చట్టప్రకారం మూసి ఉంటాయి. పెద్ద రైల్వేస్టేషన్లలో కొన్ని తెరిచే ఉంటాయని కొత్తవాడికి తెలియదు. వీధులన్నీ తిరిగివచ్చి, సంచిలోని సున్నుండలు రెండు తిని మంచినీళ్ళు తాగాడు. అక్కడ మధ్యాహ్నం రెండు గంటలు, ఇక్కడ అయిదున్నర. ఫోను మోగింది.

"ఏరా, అన్నం తిన్నావా?"

"తిన్నానమ్మా, కడుపునిండా తిన్నాను."

ఈ మాట తప్పా? "పాపం, తల్లి బాధపడకూడదనే కదా అన్నాడు" అంటారు మీరు. నిజమే. కాని ఈ ప్రశ్నపై పెద్దలు చాలా ఆలోచించారు. సుమారు 395లో పునీత అగుస్తీనువారు అబద్ధాన్ని గురించి ప్రత్యేకంగా ఒక గ్రంథమే వ్రాసి, ఏ మంచికోసమైనా అబద్ధం కూడదన్నారు. 1797లో జర్మను తత్త్వవేత్త కాంట్ ఇంకా కఠినంగా, హంతకుడు అడిగినా అబద్ధం చెప్పరాదన్నాడు. ఆయన తన కోనిగ్స్‌బర్గ్ ప్రాంతం విడిచి దూరదేశం ఎన్నడూ వెళ్ళలేదు! 13వ శతాబ్దపు పునీత తోమాసు అక్వినాసువారు మేలుకోరి ఆడిన అబద్ధం హానికోరి ఆడినదానికన్నా తేలికైనదన్నారు. అయినా తప్పు తప్పేనన్నారు. అయితే నిజాన్ని వివేకంతో చెప్పకుండా ఉంచుకోవడం వేరు, అబద్ధమాడటం వేరు అని కూడా చెప్పారు.

ఇక్కడ కాస్త ఆగుదాం. ఆ తల్లి అడిగింది నిజంగా అన్నం గురించేనా? "అంతదూరంలో కూడా నేను నీకు అమ్మనేనా?" అన్నది ఆమె ప్రశ్న. "కడుపునిండా తిన్నాను" అనే జవాబు ఆమెను బాధనుండి తప్పించింది, నిజమే. దానితోపాటు ఆమెను కొడుకు కష్టంలోనుండి కూడా తప్పించింది. ఈవేళ ఆకలి దాచినవాడు రేపు జ్వరం దాస్తాడు, ఎల్లుండి పరీక్ష తప్పిన సంగతి దాస్తాడు. ఒకనాడు గుండె పగిలేంత కష్టం వస్తే, "అంతా బాగుంది" అని రోజూ చెప్పిన నోటితో ఎలా చెప్పగలడు?

పిల్లలనే అనడం న్యాయం కాదు. తండ్రిని ఆసుపత్రిలో చేర్చి, "నాన్న పొలం వెళ్ళారురా" అని చెప్పే ఇళ్ళు మనలో లేవా? రెండువైపులా ప్రేమే. ఆ ప్రేమే రెండువైపులా తలుపులు మూస్తోంది.

ఆ అబ్బాయి ఇలా అని ఉంటే? "అమ్మా, ఇవాళ ఇక్కడ కొట్లు మూసేశారు. నీ సున్నుండలే తిన్నాను. రేపు బియ్యం కొనుక్కుంటాను." ఆమెకు ఆ రాత్రి నిద్ర సరిగా పట్టకపోవచ్చు. కాని తాను చేసిన సున్నుండలు ఆ పూట బిడ్డ ఆకలి తీర్చాయని ఆమెకు తెలిసేది.

మీ ఇంట ఈ వారం ఫోను మోగినప్పుడు, "అంతా బాగుంది" అనేముందు ఒక్కక్షణం ఆగి చూడండి.