విరిగిన బండి, నిజమైన సాక్ష్యము

ధ్యాన భాగము: నిర్గమకాండము 22:10–15



మన గ్రామముల యౌవనస్థులనేకులు పని నిమిత్తము హైదరాబాదు చేరి, నిజాంపేటలో అద్దె గదులలో నుండి, మోటారు సైకిళ్లపై హైటెక్ సిటీకి పోయి వచ్చుచున్నారు. గ్రామ పంచాయతీగా నుండిన నిజాంపేట 2019లో నగర పాలక సంస్థ అయినది. ఆ రద్దీలో బండి పడిపోగా, దేవుని కృపచే ప్రాణముతో లేచిన కుమారునికి మరమ్మతు షెడ్డు యొద్ద మరియొక శోధన ఎదురగును.

"పాత గీతలు, అరిగిన టైరు కూడ ఈ ప్రమాదములోనే వ్రాయుదము, ఇన్సూరెన్సువారు ఇచ్చెదరు" అని ఒకడనును. "నడిపిన తమ్మునికి లైసెన్సు లేదు గనుక నీవే నడిపితివని వ్రాయుము" అని మరియొకడనును.

ధర్మశాస్త్రమును చూడుడి. పొరుగువాని పశువును కాయుచుండగా మృగము దానిని చీల్చినయెడల, కాపరి మిగిలిన దానిని సాక్ష్యముగా తెచ్చి చూపవలెను, అప్పుడు అచ్చుకొననక్కరలేదు. ఎరువు తెచ్చుకొనిన పశువు దెబ్బతినినచో, యజమానుడు దానితో నుండెనా లేదా అని విచారింపవలెను. ఉండినచో ఒక తీర్పు, లేనిచో మరియొక తీర్పు.

క్లెయిము కాగితము అడుగునదియు ఇదియే: బండి ఎవరు నడిపిరి? ఎక్కడ, ఎట్లు పడెను? సర్వేయరు చూచువరకు బండిని విప్పవద్దనుటయు ఇందుకే. వంగిన హేండిలే మన పక్షమున సాక్ష్యము పలుకును.

కంపెనీ సొమ్మే కదా యనకుడి. అది కూలివాడును పాలవాడును కట్టిన ప్రీమియముల సొమ్ము. దొంగ బిల్లు వారి సంచిలో చేయి పెట్టుటయే.

అయితే న్యాయముగా రావలసినది అడుగుట పాపము కాదు, తెలిసికొని అడుగుడి. 1988 మోటారు వాహనముల చట్టము విధించిన థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఎదుటివారి నష్టమునకే గాని మన బండి మరమ్మతునకు కాదు. సొంత బండికి పాలసీ యున్నను, రబ్బరు, ప్లాస్టికు భాగములకు సాధారణముగా సగము ధరనే లెక్కింతురు. కంపెనీ అన్యాయముగా నిరాకరించినచో మొదట దానికే వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేయుడి. నెల దినములలో పరిష్కారము కానియెడల హైదరాబాదులోని ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకయే వ్రాయవచ్చును.

మెకానిక్కులైన సహోదరులారా, వేయని భాగమునకు బిల్లు వ్రాయకుడి. తీసిన పాత భాగమును యజమానికి చూపుడి. మీ బిల్లు పుస్తకము దేవుని యెదుట తూనికరాయి వంటిది.

తమ్ముడే నడిపెనని నిజము వ్రాసినందున క్లెయిము పోవచ్చును, అప్పు మిగులవచ్చును. ఇక్కడనే విశ్వాసము పరీక్షింపబడును. లైసెన్సు లేనివానికి ఇకమీదట తాళపుచెవి ఇయ్యకుడి. అయితే సంఘమునకును ఒక మాట: నిజము వ్రాయుమని బోధించి, నష్టపోయినవానిని ఒంటరిగా విడుతుమా? మంచి సమరయుడు మాటలతో సరిపెట్టలేదు. సత్రపువానికి రెండు దేనారములిచ్చి, మిగిలిన ఖర్చును తానే తీర్చెదనని మాట యిచ్చెను. సత్యము చెప్పి నష్టపోయిన కుమారుని బండి షెడ్డునుండి విడిపించుటకు మన కానుక సంచి తెరువబడవలెను.

ప్రభువు మన పిల్లలను మార్గమందు కాపాడి, వారి నోటను సత్యము నిలుపును గాక. ఆమేన్.