పేరు రాస్తే ధర తగ్గుతుందట

మా ఇంటి బేస్‌మెంట్‌లో ఓ పెద్ద అట్టపెట్టె నిండా బేస్‌బాల్ కార్డులున్నాయి. మూడు వేల దాకా ఉంటాయి. అన్నీ కలిపి అమ్మితే నలుగురికి బిర్యానీ వస్తుందేమో, టిప్పు మాత్రం మనమే వేసుకోవాలి. ఆరేళ్ల కిందట ఓ గరాజ్ సేల్‌లో 40 డాలర్లకు కొని, లంకెబిందెలు దొరికినట్టు కారులో వేసుకొచ్చాను. ఇంటికొచ్చి చూస్తే అన్నీ 1990 ప్రాంతంలో అచ్చయినవే. కొని దాచుకుంటే రేపు పిల్లల కాలేజీ ఫీజులకు పనికొస్తాయని ఆ రోజుల్లో చాలామంది పెట్టెలకు పెట్టెలు కొన్నారు. కంపెనీలు కూడా అడిగినవాడికి అడిగినన్ని అచ్చేసి పోశాయి. అందరూ భద్రంగా దాచుకున్న సరుకుకి గిరాకీ ఎక్కణ్ణుంచి వస్తుంది?

"నాన్నా, ఆ నలభైకీ పాతది ఒక్కటి కొనాల్సింది కదా" అంది అప్పుడు తొమ్మిదేళ్లున్న మా అమ్మాయి. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఈ శాఖ ఖజానా తనదే. నెలకి 20 డాలర్లు. అందులో మిగిలితే వచ్చే నెలకి. అప్పు లేదు.

ఈ పిచ్చి నాకు అమెరికాలో అంటుకున్నది కాదు. తెనాలిలో చిన్నప్పుడు అగ్గిపెట్టెల మీది బొమ్మల కోసం కిళ్లీ కొట్ల చుట్టూ తిరిగినవాణ్ణి. 1987 ప్రపంచకప్ రోజుల్లో బిగ్ ఫన్ బబుల్ గమ్‌తో క్రికెటర్ల బొమ్మలొచ్చేవి. గమ్ రుచి గుర్తులేదు గానీ, బొమ్మల కోసం చేసిన బేరాలన్నీ గుర్తున్నాయి. ఇక్కడికొచ్చాక తెలిసిందేమిటంటే, అమెరికా పిల్లల కథా ఇదే. 1909-11 మధ్య ఆటగాళ్ల బొమ్మలు సిగరెట్ పెట్టెల్లో వచ్చాయి. 1933లో గౌడీ కంపెనీ బబుల్ గమ్‌తో ఇచ్చింది. 1952లో టాప్స్ కంపెనీ కార్డు సైజు పెంచి, రంగులద్ది, వెనక లెక్కలన్నీ అచ్చేసి వదిలింది. మన కిళ్లీ కొట్టు పాత్ర ఇక్కడ మూలమీది చిల్లర అంగడిది, అంతే తేడా.

వార్తల్లోకెక్కే కార్డులు వేరు. మా పిట్స్‌బర్గ్ పక్కనే, ఇప్పుడు కార్నెగీ అంటున్న ఊళ్లో పుట్టిన హోనస్ వాగ్నర్ అనే ఆటగాడి సిగరెట్ కార్డు 2022లో 72.5 లక్షల డాలర్లు పలికింది. తన బొమ్మ వేయడానికి ఆయన ఒప్పుకోకపోవడంతో కంపెనీ కొద్ది కార్డులకే ఆపేసింది. పిల్లలు ఆ బొమ్మ కోసం పొగాకు కొనడం ఇష్టంలేక అని కొందరంటారు, డబ్బు దగ్గర తేడా వచ్చి అని కొందరంటారు. అదే ఏడాది 1952 టాప్స్ మికీ మాంటిల్ కార్డు ఒకటి 1.26 కోట్ల డాలర్లకు పోయింది. అమ్ముడుపోని 1952 నాటి కార్డులను 1960లో పడవకెత్తి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించానని ఆ కార్డులు రూపొందించిన సై బర్జర్ స్వయంగా చెప్పాడు.

మా ఇంట్లో ఆదర్శం మాత్రం ఈ కోట్లవాళ్లెవరూ కాదు. సిరక్యూస్‌లో ఫ్యాక్టరీ పని చేసుకుని బతికిన జెఫర్సన్ బర్డిక్. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోయిన మనిషి, జీతం రాళ్లతోనే కార్డులు, లేబుళ్లు, పోస్టుకార్డులు మూడు లక్షలకు పైగా పోగుచేశాడు. వాటికి వరుస, గుర్తు లేకపోతే చెత్తకుప్పతో సమానమని కేటలాగు తయారుచేశాడు. వాగ్నర్ కార్డు వరుసని ఈనాటికీ లోకమంతా 'టీ206' అని పిలిచేది ఆయన వేసిన అంకె ప్రకారమే. 1947 నుంచి ఆ సంపదంతా న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చేస్తూ, ఆ వేళ్లతోనే ఆల్బముల్లో అంటించాడు. 1963 జనవరిలో పని ముగించాడు. మార్చిలో పోయాడు. డబ్బు లేనివాడు దాచుకోగలిగింది ఓపిక, అది ఆయన దగ్గర కావలసినంత ఉంది.

మాకూ అదే దారి. నెలకోసారి ఒక ఫైర్ హాల్లో కార్డుల సంత జరుగుతుంది. 1960-70ల నాటి మా ఊరి పైరేట్స్ జట్టు కార్డులు మాత్రమే కొనాలని అమ్మాయి నియమం పెట్టింది. పేరుమోసిన ఆటగాళ్లను పక్కనపెడితే, అరవై ఏళ్ల నాటి కార్డులు ఇప్పటికీ రెండు మూడు డాలర్లకు దొరుకుతాయి. పేరున్నవాళ్లవి కావాలంటే దెబ్బతిన్నవి చూడాలి. మూలలు గుండ్రబడినవి, నడుమ మడత పడినవి, ఎవరో పిల్లాడు పెన్సిల్‌తో మీసాలు దిద్దినవి, గోడకి గుచ్చిన పిన్ను చిల్లున్నవి. మచ్చలేని కార్డు ధరలో ఇవి పదో వంతుకి, ఒక్కోసారి ఇంకా తక్కువకి వస్తాయి. మడత పడిందంటే ఒకప్పుడు ఎవరి నిక్కరు జేబులోనో తిరిగిందన్నమాట. సంత మూసే వేళకి నగదుతో వెళితే అమ్మేవాళ్లూ మెత్తబడతారు. మన రైతుబజారు నీతే.

డబ్బు తక్కువైనచోట కన్ను ఎక్కువ పెట్టాలి. భూతద్దం కింద పాత అచ్చు రంగురంగుల చుక్కల్లా కనిపిస్తుంది, కొత్తగా అచ్చేసిన నకలులో ఆ చుక్కల తీరు చెదిరిపోతుంది. అంచులు మరీ నున్నగా ఉంటే పక్కన మరో కార్డు పెట్టి కొలవాలి, కత్తిరించి కొత్తదనం తెచ్చేవాళ్లున్నారు. అన్నిటికన్నా మంచి స్థితిలో ఉందని పేరుపడ్డ వాగ్నర్ కార్డు అంచుల్ని తానే కత్తిరించానని ఒక పెద్ద వేలందారు 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. లక్షలు పెట్టినవాళ్లనే మోసం చేశారంటే ఇరవై డాలర్లవాళ్లం ఎంత జాగ్రత్తగా ఉండాలి! కొన్నాక పలచటి ప్లాస్టిక్ తొడుగు, దానిపైన గట్టి తొడుగు. చెమ్మ తగిలే బేస్‌మెంట్‌లోనూ, ఎండ పడే కిటికీ దగ్గరా పెట్టకూడదు. అందుకే పనికిరాని మూడు వేలూ కింద, పనికొచ్చే అరవయ్యీ పైన బీరువాలో ఉన్నాయి.

ఆ అరవైలో రెండున్నాయి. ఒకటి 1969 నాటిది, నిలువునా మడత ఉన్నది, 22 డాలర్లు. రెండోది 1973ది, మూలలు అరిగినది, 15 డాలర్లు. రెంటిలోనూ ఉన్నది ఒకే మనిషి. మొదటిదాని మీద 'బాబ్ క్లెమెంటే' అనీ రెండోదాని మీద 'రాబర్టో క్లెమెంటే' అనీ ఉంది. అన్నదమ్ములా అనడిగింది అమ్మాయి.

కాదు. ప్యూర్టో రికో నుంచి 1955లో మా ఊరికొచ్చి, పద్దెనిమిదేళ్లు పైరేట్స్‌కే ఆడినవాడు. రాబర్టో అంటే ఇక్కడివాళ్ల నోటికి బరువని 'బాబ్' చేశారు. 1957 నుంచి 1969 దాకా టాప్స్ కార్డుల మీద అదే అచ్చయింది. నా పేరు రాబర్టో అని ఆయన చెబుతూనే వచ్చాడు. ఆయన యాసని పలికినట్టే అక్షరాల్లో పెట్టి పత్రికలు ఎగతాళి చేశాయి. 1970లో గానీ కార్డు మీదికి అసలు పేరు తిరిగి రాలేదు. 1971లో వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు, టీవీ మైకు ముందు ముందుగా ఇంగ్లీషులో కాదు, స్పానిష్‌లో మాట్లాడాడు. తల్లిదండ్రుల ఆశీర్వాదం అడిగాడు. దేశమంతా చూస్తోంది, చాలామందికి ఒక్క ముక్క అర్థమై ఉండదు. అర్థం కావలసిన ఇద్దరికీ అయింది.

1972 సెప్టెంబరులో ఆయన మూడువేలో హిట్ కొట్టాడు. ఆ డిసెంబరు 31న నికరాగువా భూకంప బాధితులకు సహాయ సామగ్రి తీసుకెళుతూ విమానం సముద్రంలో కూలి చనిపోయాడు. దేహం దొరకలేదు. ఆ మరుసటి ఏడు వచ్చిందే మా 15 డాలర్ల కార్డు. పైరేట్స్ ఇప్పటి స్టేడియం కుడివైపు గోడ ఎత్తు 21 అడుగులు, ఆయన జెర్సీ అంకె అది.

అంతా విని అమ్మాయి అడిగింది. "మరి నీ పేరు ఎవరు కోశారు నాన్నా?"

ఆఫీసులో నేను రెండక్షరాల మనిషిని. మా తాతగారి పేరుకి తలా తోకా తీసి మిగిల్చిన రెండక్షరాలు. ఎవరూ కోయలేదు. ఇంటర్వ్యూకి వెళ్లేముందు నేనే కోసుకున్నాను. ఆ మాట చెప్పడానికి నాకు కాస్త టైం పట్టింది.

ఇక సంతకాల సంగతి. సంతకాలున్న బంతులు, ఫోటోలు మేం కొనం. 1990ల్లో ఎఫ్‌బీఐ చేసిన ఆపరేషన్ బుల్‌పెన్‌లో కట్టలకొద్దీ దొంగ సంతకాలు దొరికాయి, వాటిలో మదర్ థెరిసా సంతకం చేసిన బేస్‌బాల్ కూడా ఉంది. అచ్చులోనే వచ్చిన సంతకాన్ని చేత్తో పెట్టిందని అమ్మేవాళ్లు సరేసరి. పెద్ద ఖర్చులేని దారి ఒకటుంది. రిటైరైన ఆటగాడికి ఉత్తరం రాసి, ఒక కార్డు, మన చిరునామాతో స్టాంపు అంటించిన కవరు పెట్టి పంపడం. రెండు స్టాంపుల ఖర్చు. కొందరు జవాబివ్వరు, వాళ్లిష్టం.

క్లెమెంటేతో కలిసి ఆడిన ఒక పెద్దాయనకి మా అమ్మాయి అలా రాసింది. డాలరు కార్డు ఒకటి జతచేసింది. కింద తన పేరు పూర్తిగా రాసింది. ఇంగ్లీషులో పదిహేను అక్షరాలు, బామ్మ పేరు కలిపి పెట్టింది. బడిలో దాన్ని ఎప్పుడో మూడు చేశారు. ఆరు వారాలకి కవరు తిరిగొచ్చింది. కార్డు మీద వణుకుతున్న నీలి సిరాలో సంతకం, దానిపైన 'ఫలానావారికి' అని మా అమ్మాయి పేరు. ఉత్తరం పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరమే చూసి దించినట్టున్నాడు. పదిహేనూ ఉన్నాయి, ఒక్కటీ తప్పు పోలేదు.

తరవాతి సంతలో దాన్ని ఒక వ్యాపారికి చూపించింది. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, సంతకం మంచిదేనన్నాడు. "పేరు లేకపోతే పదిహేను డాలర్లు ఇచ్చేవాణ్ణమ్మా. పేరు రాస్తే ధర తగ్గుతుంది. ఐదుకి మించదు, అదీ ఆ పేరువాళ్లు దొరికితే."

అమ్మాయి కార్డు తీసుకుని తొడుగులో పెట్టింది. కారెక్కాక అంది:

"అయితే ఇది ఎప్పటికీ నా దగ్గరే ఉంటుంది."