చుక్కలు దాచని ముగ్గు

ఊరికే వచ్చిందంటే మనకు లోకువ. డబ్బిచ్చి కొన్న గిన్నెను బీరువాలో దాస్తాం, ఊరికే వచ్చినదాన్ని మొక్కలకు నీళ్లు పోయడానికి వాడతాం. మరి ఊరికే తీసుకున్నదానికి మనం ఎవరికీ ఏమీ బాకీ ఉండమా?

ఈ ప్రశ్న మా గుర్రంకొండలో ఎదురింటి అమ్మాయి వల్ల వచ్చింది. మదనపల్లెలో ఇంజనీరింగు చదువుతోంది. పెద్ద పెద్ద లెక్కలు చేసి గ్రాఫులు గీసే ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఏదో కావాలట. "దొంగ కాపీ దొరుకుతుంది చిన్నమ్మా, అందరూ వాడేదే!" అంది. ఎన్ని తప్పుల్ని మనం ఈ "అందరూ" అనే కొంగు చాటున దాస్తామో కదా!

తీరా చూస్తే దొంగతనం అక్కర్లేదు. ఆక్టేవ్ అని ఒకటుంది. జాన్ ఈటన్ అనే అమెరికన్ 1992లో దాని పనికి పూర్తిగా దిగాడు. లెక్కల్ని చిటికెలో అంచనా కట్టే తన గురువు ఆక్టేవ్ లెవెన్‌స్పీల్ పేరే దానికి పెట్టాడు. ఫ్రాన్సులో పుట్టిన సైలాబ్ ఇంకొకటి. బొంబాయి ఐఐటీలోని ఫాసీ ప్రాజెక్టు వాళ్లు పాఠ్యపుస్తకాల్లోని లెక్కల్ని విద్యార్థుల చేతనే సైలాబ్‌లో రాయించి, అందరికీ ఉచితంగా పెట్టారు.

వీటి గొప్ప ధర లేకపోవడం కాదు. వాకిట్లో ముగ్గు చూడండి. చుక్కలెన్నో, గీత ఎటు తిరిగిందో దాచదు. దారిన పోయే పిల్ల చూసి, తన వాకిట్లో ఇంకో రేక కలిపి వేసుకుంటుంది. ఇవీ అంతే. లోపల లెక్క ఎలా నడిచిందో విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు. షరతల్లా ఒక్కటే: మార్చినదాన్ని ఇంకొకరికి ఇస్తే, మనమూ చుక్కలు దాచకూడదు. వంతెన మోసే బరువును లెక్కగట్టే యంత్రం "నన్ను నమ్ము" అంటే చాలదు, "ఇదిగో, చూసుకో" అనాలి.

అమ్ముకునేవాళ్లు చెడ్డవాళ్లని కాదు. వాళ్లకూ సంసారాలున్నాయి. వాళ్ల ధర ఇచ్చుకోలేకపోతే మానుకోవాలి గాని, దొంగిలించకూడదు.

ఇక బాకీ సంగతి. ఇచ్చినవాడు ఎక్కడో ఉన్నాడు, మన పేరైనా తెలియదు, అడగడు. అడగని బాకీ ఎగ్గొట్టడం ఎంత సులువో! కాని తీర్చే దారి ఉంది. తప్పు కనబడితే వాళ్లకు చెప్పడం, తెలిసినంత పక్కపిల్లకు నేర్పడం.

దొంగ కాపీకీ, దీనికీ కూడా మన చేతినుంచి రూపాయి పోదు. కాని అది తీసుకున్నాక దాచుకోవాలి, ఇది తీసుకున్నాక నలుగురికీ చెప్పుకోవచ్చు. ఆ తేడా మన పిల్లలకు తెలిస్తే చాలదూ!