చాలినంత ఎంత?

చదువు పూర్తిచేసి ఉద్యోగాల వేటలో పడిన పిల్లలు ఇప్పుడు రెండు కోరికలు ఒకేసారి చెబుతున్నారు. చేసే పని మనసుకు నచ్చాలి, వచ్చే జీతం సరిపోవాలి. ఇంట్లో పెద్దలకు మొదటిది విలాసంగా తోస్తుంది. ఆధ్యాత్మిక ప్రసంగాలు చేసేవారిలో కొందరికి రెండోది అత్యాశగా కనిపిస్తుంది. నా దృష్టిలో ఇద్దరూ తొందరపడుతున్నారు. రెండు కోరికలూ న్యాయమైనవే, మన సంప్రదాయం దేన్నీ తప్పుపట్టలేదు. చిక్కు వేరేచోట ఉంది. నచ్చే పని ఏదో తెలుసుకోవడానికి పిల్లలు ఎన్నో పరీక్షలు రాస్తారు, కోర్సులు మారుస్తారు, అమీర్‌పేట గదుల్లో నెలల తరబడి ఉంటారు. సరిపోయే జీతం ఎంతో మాత్రం కూర్చుని లెక్క వేసుకునేవారు తక్కువ. క్యాంపస్ సెలక్షన్లలో పక్కవాడికి వచ్చిన ప్యాకేజీని బట్టి, అమెరికాలో ఉన్న పెదనాన్న కొడుకుని బట్టి ఆ అంకె దానంతటదే తయారై ఏటా పెరుగుతూ పోతుంది. అటువంటి అంకె వెంట పరుగెత్తేవాడికి నచ్చిన పని చేతికి వచ్చినా అందులో నిలిచే తీరిక ఉండదు. అందుకే ముందు తేల్చుకోవలసింది ‘చాలినంత’ ఎంత అన్నది. వృత్తిని ఎంచుకోవడం ఆ తరవాతి పని.

డబ్బు గురించి ఆలోచించినంత మాత్రాన దైవానికి దూరమైపోతామన్న భయం అక్కర్లేదు. నాలుగు పురుషార్థాల్లో అర్థాన్ని ధర్మం పక్కనే నిలిపారు. తైత్తిరీయ ఉపనిషత్తు శిక్షావల్లిలో చదువు ముగించి ఇంటికి వెళ్లే శిష్యుడికి గురువు చేసే ఉపదేశం ఉంది. సత్యాన్నీ, ధర్మాన్నీ, స్వాధ్యాయాన్నీ ఏమరవద్దని చెప్పిన ఆ గురువే క్షేమాన్నీ, ఐశ్వర్యాన్నీ కూడా ఏమరవద్దంటాడు. భృగువల్లికి వస్తే, అన్నాన్ని నిందించకపోవడం, దాన్ని సమృద్ధిగా పెంచుకోవడం వ్రతాలు. బుద్ధుడు ఇంకా వివరంగా మాట్లాడాడు. దీఘజాణు అనే కోలియ గృహస్థు, తాము సంసారంలో ఉన్నవాళ్లమనీ, తమకు పనికొచ్చే మాట చెప్పమనీ అడిగితే, ఆయన సన్యాసం తీసుకోమనలేదు. వృత్తిలో శ్రద్ధ, సంపాదించినది కాపాడుకోవడం, మంచివారి సాంగత్యం, రాబడికి తగిన ఖర్చు, ఈ నాలుగూ ఇహలోక సుఖానికి దారి అన్నాడు. సిగాలుడనే యువకుడికైతే సంపాదనను నాలుగు పాళ్లు చేయమన్నాడు. ఒక పాలు అనుభవించడానికి, రెండు పాళ్లు వృత్తిలో పెట్టడానికి, నాలుగోది ఆపద నాటికి. పోతనను చూపించి డబ్బు మాటెత్తవద్దని పిల్లలను మందలించేవారు కూడా ఉన్నారు. రాజాశ్రయం ఒల్లని పోతన సేద్యం చేసుకుని బతికాడనే తరతరాలుగా మనవాళ్లు చెప్పుకుంటున్నారు. ఇంటిల్లిపాదికీ కావలసిన గింజల విషయంలో ఆయన వైరాగ్యం చూపించాడని ఎవరూ చెప్పలేదు.

‘చాలినంత’ సంగతిని అందరికంటే లోతుగా ఆలోచించినవారు 12వ శతాబ్దిలో కల్యాణ నగరంలో బసవేశ్వరుని చుట్టూ చేరిన శరణులని నాకనిపిస్తుంది. బిజ్జలుడి కొలువులో ఖజానా చూసిన బసవడికి డబ్బు తీరు బాగా తెలుసు. ఆయన కథను పాల్కురికి సోమనాథుడు ద్విపదలో తెలుగువారికి ఇచ్చాడు. బట్టలుతికే మడివాలు మాచయ్య, తాళ్లు పేనే చందయ్య, పడవ నడిపే చౌడయ్య, అందరూ ఆ శరణుల్లో ఉన్నారు. వారు చేసే పనే వారికి పూజ. దాన్ని కాయకం అన్నారు. కాయకం వల్ల వచ్చినదాంట్లో తమకు చాలినంత ఉంచుకుని మిగిలింది నలుగురికీ అర్పిస్తే అది దాసోహం. ఈ రెంటికీ మధ్య ఉన్న గీత ఎక్కడుందో చెప్పే కథ ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతులది. నేల రాలిన బియ్యం గింజలు ఏరి తేవడం మారయ్య కాయకం. ఒకనాడు శివానుభవం మాట్లాడుతూ ఆయన పని మరిచిపోతే, కాయకం ఆగిపోయిందని భార్యే గుర్తుచేసి పంపింది. వెళ్లినవాడు ఎప్పటికన్నా ఎక్కువ గింజలు తెచ్చాడు. ఈ ఆశ మనకెందుకు, ఎక్కడివి అక్కడ పోసి రమ్మని లక్కమ్మ వెనక్కి పంపింది. ఈ కథను ఆశ మీద హెచ్చరికగానే చెబుతుంటారు. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది లక్కమ్మకు కొలత తెలిసి ఉండటం. ఇంట్లో ఎందరు తినాలి, వచ్చే జంగములకు ఎంత కావాలి అన్నది ఆమెకు ముందే తెలుసు. తెలుసు కాబట్టే తగ్గిన రోజున తగ్గిందనీ, ఎక్కువైన రోజున ఎక్కువైందనీ చెప్పగలిగింది. ఆ కొలతను ఆమె బసవడి వైభవం చూసి పెట్టుకోలేదు. భక్తి గోష్ఠి పేరు చెప్పి పని ఎగ్గొట్టినా ఆమె ఒప్పుకోలేదన్నది కూడా గమనించాలి.

గింజలు ఏరుకునే రోజులు వేరు, మా పరిస్థితి వేరు అని ఒక కుర్రవాడు అనవచ్చు. చదువుకు తీసుకున్న బ్యాంకు రుణం ఉంది, నాన్నకు మందులున్నాయి, చెల్లెలి చదువుంది, హైదరాబాద్‌లో ఇంటి అద్దె ఉంది. ఆ మాట నిజం. అయితే చాలినంత అంటే కొంచెం అని ఎవరూ అనలేదు. గృహస్థుకు విధించిన పంచమహాయజ్ఞాల్లో పితరులకూ, అతిథులకూ, మూగజీవాలకూ కూడా భాగం ఉంది. అప్పు కంతులు, అమ్మానాన్నల వైద్యం ఆ లెక్కలో న్యాయంగా చేరతాయి. ఇంట్లో మొదటగా జీతం తెచ్చే పిల్లకు ఆ మొత్తం పెద్దదే కావచ్చు. దాని కోసం ఆమె కొన్నేళ్లు అంతగా ఇష్టం లేని ఉద్యోగం చేస్తే తన మనసుకు ద్రోహం చేసినట్టు నేననుకోను. ఎంత తీరాలో, ఎప్పటికి తీరాలో రాసి పెట్టుకుంటే ఆ కష్టానికి ఒక గట్టు ఉంటుంది. రాసుకోకపోతే రుణం తీరిన నెలలోనే కొత్త కారు కంతు మొదలవుతుంది.

సంపాదన ఏ దారిలో వస్తోందన్న ప్రశ్న కూడా దీనితోనే ముడిపడి ఉంది. ఆయుధాలు, మనుషులు, మాంసం, మద్యం, విషం అమ్మే వ్యాపారాలు వద్దని బుద్ధుడు ఉపాసకులకు చెప్పాడు. ఇప్పుడాయన ఉంటే పిల్లలను జూదంలోకి దింపే బెట్టింగ్ యాప్‌ను, అప్పు తీసుకున్నవారిని ఫోన్లలో వేధించే లోన్ యాప్‌ను కూడా ఆ జాబితాలో చేర్చేవాడనే నా నమ్మకం. కొలత ఉన్నవాడు అటువంటి ఉద్యోగాన్ని కాదనగలడు. అది లేనివాడికి ఆ ఆఫర్ లెటర్‌లోని అంకె ఒక్కటే కనిపిస్తుంది.

ఇంకో అభ్యంతరం బరువైనది. చేస్తున్న పనిలోనే దైవాన్ని చూడమనడం, పుట్టిన కులపు పనిలోనే ఉండిపొమ్మనడానికి పనికిరాలేదా? పనికొచ్చింది, శతాబ్దాల పాటు. మహాభారతంలో కౌశికుడికి ధర్మం బోధించిన మిథిల ధర్మవ్యాధుడు కూడా మాంసం అమ్మడం తన కులవృత్తి అనే చెప్పుకుంటాడు. ఆ కథలో వృత్తి చిన్నదైనా మనిషి గురువు కాగలడన్న వెలుగు ఉంది, మారే దారి లేదన్న చీకటీ ఉంది. రెండోదాన్ని మోయవలసిన అవసరం మనకు లేదు. ఇవాళ చాలా ఇళ్లలో పనిని ఎంచుకునే అవకాశం మొదటిసారి వచ్చింది ఈ తరానికే. నచ్చిన పని కావాలని వారు అడుగుతుంటే గొంతెమ్మ కోరికలని కొట్టిపారేయడం అన్యాయం.

చివరగా, పని పూజ అన్న మాటను జీతం తగ్గించడానికి వాడుకునేవారి సంగతి చెప్పాలి. బడిలో పాఠం చెప్పడమే ఇష్టమనుకునే యువతీయువకులు తక్కువేమీ లేరు. తెలంగాణలో 2024 డీఎస్సీలో ఉన్న పోస్టులు 11,062, ఆంధ్రప్రదేశ్‌లో 2025 మెగా డీఎస్సీలో 16,347. పోటీపడినవారు లక్షల్లో ఉన్నారు. ఉద్యోగం రానివారిలో ఎందరో ప్రైవేటు బడుల్లో చిన్న జీతానికి చేరతారు. వేసవి సెలవుల్లో ఆ జీతమూ ఆగిపోయే బడులున్నాయి. అడిగితే మీది ఉద్యోగం కాదు, సేవ అని జవాబు వస్తుంది. కాయకాన్ని ఇలా అర్థం చేసుకోవడానికి వీల్లేదు. దాసోహం తన చేతికి వచ్చినదాంట్లో నుంచి తాను ఇష్టపడి ఇచ్చేది, యజమాని ముందే కోసుకునేది కాదు. తన లెక్క వేసుకున్న టీచరు, జీతం ఆ గీత కిందికి ఉందని నిబ్బరంగా అడగవచ్చు. ఇవ్వకపోతే వేరే బడి చూసుకోవచ్చు. బడులు నడిపేవారిలో దేవుడికి ఘనంగా కానుకలు సమర్పించే భక్తులు ఎందరో ఉన్నారు. తమ బడిలో పాఠం చెప్పేవారికి 12 నెలలూ చాలినంత జీతం ఇవ్వడం ఆ కానుకల కంటే ముందు రాయవలసిన పద్దు.