తిన్నని నడక

మా ఇంట్లో ఆరుకాళ్ళ బొమ్మ ఒకటి ఉంది. పెంకుపురుగు ఆకారం, అరచేతికన్నా కాస్త పెద్దది. కడుపులో ఒక మోటారు, రెండు పెన్సిల్ సెల్స్. స్విచ్ వేస్తే టకటకా నడుచుకుంటూ పోతుంది. గోడ తగిలితే అక్కడే కాళ్ళు కొట్టుకుంటూ ఉండిపోతుంది, ఎవరో ఒకరు వచ్చి ఎత్తి తిప్పి పెట్టేదాకా. ఒక ఆదివారం మా అమ్మాయి దాన్ని పదోసారో పదకొండోసారో తిప్పి పెట్టి, విసుగొచ్చి, "నాన్నా, ఇది మన మాట వినేలా చెయ్యవా?" అంది.

ఏముంది, ఒక రిసీవర్ అతికించి, చేతికో రిమోట్ ఇస్తే సరిపోతుందనుకున్నాను. నాలుగు స్క్రూలు విప్పి లోపల చూశాక గాని అసలు సంగతి తెలియలేదు.

లోపల పళ్ళచక్రాలు మోటారు వేగాన్ని మెట్టుమెట్టుగా తగ్గించి, చివరకు ఒకే ఒక ఇరుసును తిప్పుతున్నాయి. ఆ ఇరుసుకు రెండు చివర్లా రెండు క్రాంకులు. ఒకటి పైకి ఉన్నప్పుడు రెండోది కిందకు ఉంటుంది. ఎడమవైపు ముందుకాలు, వెనకకాలు, కుడివైపు మధ్యకాలు నేలమీద ఉంటే మిగతా మూడూ గాల్లో ఉంటాయి. మరుక్షణం అవి దిగుతాయి, ఇవి లేస్తాయి. ఎప్పుడు చూసినా ముక్కాలిపీటలా మూడు కాళ్ళ నిలకడ. చీమ నడిచేదీ, బొద్దింక నడిచేదీ ఇలాగే. చూస్తూ చాలాసేపు కూర్చుండిపోయాను.

అప్పుడు తట్టింది. ఇరుసు ఒక్కటే అయినప్పుడు ఈ పురుగుకు నేనేం చెప్పగలను? నడువు, ఆగు, మహా అయితే వెనక్కి నడువు. "పక్కకు తిరుగు" అనే మాట దాని ఒంట్లోనే లేదు. 1898లో నికోలా టెస్లా న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, నీటితొట్టెలో ఒక చిన్న పడవను తీగ లేకుండా నడిపి చూపించాడు. చూసినవాళ్ళు రేడియో తరంగాలకు ఆశ్చర్యపోయారు. నాకిప్పుడు ఆ పడవ చుక్కాని మీదికి మనసు పోతోంది. నడిపే మోటారు వేరు, తిప్పే చుక్కాని వేరు కాబట్టే ఆ పడవకు ఆజ్ఞ అందుకునే యోగ్యత వచ్చింది. రెండు దారుల్లో దేనికైనా పోగలిగినదానికే ఒక దారి చెప్పగలం. మన చెప్పుచేతల్లో ఉండాలంటే ముందు దానికి కొంత స్వేచ్ఛ ఉండాలి. మాట వినడమంటే లొంగిపోవడమని ఇన్నాళ్ళూ అనుకున్న నాకు, ఇది తలకిందులుగా కనిపించింది.

రెండో మోటారు కోసం అలాంటిదే ఇంకో బొమ్మ కొన్నాను. ఇరుసును సన్నరంపంతో మధ్యకు కోసి, ఎడమ కాళ్ళకు ఒక మోటారు, కుడి కాళ్ళకు ఒక మోటారు అమర్చాను. ఇది ఆరు కాళ్ళది కాబట్టి సాగింది. రెండు కాళ్ళ బొమ్మకు ఇరుసు కోస్తే రెండు పాదాల లయ తప్పి పడిపోతుంది. నా పురుగు పడిపోలేదు గాని, రెండువైపులా మధ్యకాళ్ళు ఒకేసారి నేలను తాకినప్పుడల్లా ముందుకో వెనక్కో ఒరిగి మళ్ళీ సర్దుకునేది.

విడిభాగాల కోసం కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్ళాను. మోటార్లను ముందుకూ వెనక్కూ తిప్పడానికి మొదట ఎల్293డి చిప్ వాడాను. పాతకాలపు ట్రాన్సిస్టర్ల చిప్ అది. బొమ్మలో ఉన్నదే 3 వోల్టులు, అందులో సగానికి పైగా అదే మింగేసింది. మోటారు జుమ్మంటుందే గాని కాలు కదలదు. నడిపించాల్సినవాడే బలమంతా తినేస్తే నడిచేవాడికి మిగిలేదేముంది? మాస్‌ఫెట్లతో చేసిన డీఆర్‌వీ8833 పెట్టి, 3.7 వోల్టుల లిథియం సెల్ తగిలిస్తే అప్పటికి కాళ్ళు కదిలాయి.

ఆ తర్వాత వచ్చిన చిక్కు నాకు ఇప్పటికీ పాఠంలా గుర్తుంది. బొమ్మ ఆగి ఉన్నప్పుడు నా మాట చక్కగా వింటుంది. నడక మొదలెట్టాక వినదు. మోటారు లోపలి బ్రష్షుల దగ్గర పుట్టే చిన్న చిన్న నిప్పురవ్వలు తీగల్లోకి చప్పుడు నింపి రిసీవర్‌ను తికమక పెడుతున్నాయి. దాని నడకే దానికి చెవుడు తెచ్చింది. 104 అని అచ్చుగుద్దిన పప్పుబద్దంత కెపాసిటర్లు రెండు తెచ్చి, ఒక్కో మోటారుకు తీగలు కలిసే రెండు కొనల మధ్య ఒక్కోటి సోల్డర్ చేశాను. చెవుడు పోయింది. పనుల హడావుడిలో ఇంట్లోవాళ్ళ మాట నా చెవిన పడని రోజులు ఎన్నో ఉన్నాయి. వినాలనే ఉంటుంది. లోపలి చప్పుడే వినిపించనివ్వదు.

మొత్తానికి రిమోట్ మా అమ్మాయి చేతికి వచ్చింది. రెండు మీటలు, ఎడమకు ఒకటి, కుడికి ఒకటి. రెండూ ముందుకు తోసింది. పురుగు తిన్నగా వెళ్ళలేదు. మెల్లగా కుడికి ఒరుగుతూ వెళ్ళి కుర్చీ కిందకు దూరింది.

"ఇదివరకు తిన్నగానే పోయేది కదా నాన్నా!"

నిజమే. ఒకే రకం మోటార్లు రెండు పక్కపక్కన పెట్టినా సరిగ్గా ఒకే వేగంతో తిరగవు. బ్రష్షు ఒత్తిడిలోనో, చక్రాల రాపిడిలోనో వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ఇరుసు ఒక్కటిగా ఉన్నప్పుడు ఆ తేడాకు తావే లేదు. అప్పటి తిన్నని నడకలో దాని గొప్ప ఏమీ లేదు, ఇంకోలా నడిచే వీలు లేక అలా నడిచింది. ఇప్పుడు తిన్నగా నడవాలంటే అడుగడుగునా ఎవరో ఒకరు సరిదిద్దుతూ ఉండాలి.

మన భాషలో 'తిన్నగా' అనే మాటకు రెండు అర్థాలు. దారి తిన్నగా ఉంటుంది, పిల్లలను తిన్నగా ఉండమంటాం. ఆ రెండో అర్థంలో నేను చాలాకాలం ఒకే ఇరుసునే కోరుకున్నానేమో. పక్కకు తిరిగే వీలే లేకుండా పెంచి, అది మంచితనమని మురిసిపోయేవాళ్ళను ఎందరినో చూశాను. 1920లో కారెల్ చాపెక్ రాసిన 'ఆర్.యు.ఆర్.' నాటకంతో ప్రపంచానికి 'రోబో' అనే మాట అందింది. దాని మూలమైన చెక్ పదం 'రొబోత'కు అర్థం వెట్టి. తప్పే వీలు లేని చాకిరిని వెట్టి అంటాం, దాన్ని ఎవరూ మంచి నడవడి అనరు. తప్పగలిగి తప్పకుండా ఉండటంలోనే నడవడి ఉంది.

చివరగా ఒక పని మిగిలింది. రిమోట్ సంకేతం అందకపోతే బొమ్మ ఏం చేయాలి? రాసి పెట్టకపోతే చివరిసారి విన్న మాటనే పట్టుకుని పోతూనే ఉంటుంది. అర సెకను పాటు మాట అందకపోతే ఆగిపొమ్మని బొమ్మను నడిపే ప్రోగ్రాంలో రాశాను. నేను అందుబాటులో లేనప్పుడు కూడా చెల్లే మాట అదొక్కటే. మిగతావన్నీ ఎదుట ఉండి చెప్పాల్సినవి. ఆ రెండు వరుసలు రాయడానికి పట్టింది ఐదు నిమిషాలే. రాశాక, ఎదిగే పిల్లకు నేను ముందుగా చెప్పి ఉంచాల్సిన మాటలు ఏవేవని ఆ రాత్రంతా ఆలోచించాను. ఎంత ఆలోచించినా అవి రెండు మూడుకు మించలేదు.

వారం తిరిగేసరికి మా అమ్మాయి బొటనవేళ్ళకు ఆ పురుగు వంకర తెలిసిపోయింది. అది కుడికి ఒరగబోయే ముందే ఎడమ మీటను కాస్త వదులుతుంది, మళ్ళీ తోస్తుంది. నిన్న సాయంత్రం హాలులో రెండు వరుసల టైల్స్ మధ్య గీత పట్టుకుని వంటింటి గడపదాకా దాన్ని నడిపించింది. దగ్గరగా చూస్తే ఆ నడక తిన్నగా లేదు. గీతకు అటో ఇటో తప్పుతూ, మళ్ళీ గీత మీదకు వస్తూ, అడుగు తర్వాత అడుగుగా వెళ్ళింది.