చదివి వినిపించిన వాని బాధ్యత

నేను 11 సంవత్సరాలు పోలీసు శాఖలో కానిస్టేబులుగా పనిచేసి 2014లో రాజీనామా ఇచ్చాను. అప్పటినుంచి పానగల్ చుట్టుపక్కల గ్రామాలలో జీవిత బీమా ఏజెంటుగా బతుకుతున్నాను. ఈ సంగతి తెలిసిన ఉపాధ్యాయ మిత్రులు కొందరు, "మొత్తానికి పీడన యంత్రాంగం నుంచి బయటపడ్డావు" అని నన్ను అభినందించారు. ఆ అభినందనకు నేను అర్హుణ్ణి కాను. ఎందుకు కానో చెప్పటానికే ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక అపోహ తొలగించాలి. నేను ఉద్యోగం వదిలింది అంతరాత్మ ప్రబోధం వల్ల కాదు. జాతరకు బందోబస్తు, ఎన్నికలకు బందోబస్తు, మంత్రిగారి రాకకు బందోబస్తు. పిల్లలు నిద్రపోయాక ఇల్లు చేరి, వాళ్ళు లేవకముందే బయలుదేరటం. నిలబడి నిలబడి పట్టుకున్న నడుము నొప్పి. ఇవీ కారణాలు. మనవాళ్ళకు ఒక అలవాటున్నది. మనిషి బతుకుతెరువు కోసం చేసిన పనికి కూడా తమ సిద్ధాంతంలో నుంచి ఒక కారణం వెదికి పెడతారు. దానివల్ల సిద్ధాంతానికీ మేలు లేదు, ఆ మనిషికీ మేలు లేదు.

అయితే ప్రశ్న ఒకటి మిగులుతుంది. వృత్తి మారినంత మాత్రాన ఆ వృత్తి మనిషికి అంటించిన స్వభావం పోతుందా? ఖాకీ బట్టలు వాపసు చేసిన నాడే వాటి అధికారం కూడా వాపసు చేశానా? చేశాననే నేను చాలాకాలం అనుకున్నాను.

మొదటి ఏడాది నేను తెచ్చిన వ్యాపారం చూసి బ్రాంచిలోని వాళ్ళు ఆశ్చర్యపడ్డారు. కొత్తవాడికి ఇన్ని పాలసీలు ఎట్లా వచ్చాయని అడిగారు. పరిచయాలండీ అన్నాను. అది అబద్ధం కాదు. కాని ఆ పరిచయాలు ఎటువంటివో చెప్పలేదు. నేను వాకిట్లో మోటారు సైకిలు ఆపితే ఇంటాయన కుర్చీ తెచ్చి వేసి తాను నిలబడేవాడు. "మీరు జెప్పినంక కాదంటమా సారూ" అనేవాడు. అతని కొడుకు మీద ఎప్పుడో ఒక పేకాట కేసు వుండేది. ఆ కేసు నేను ఎత్తలేదు, అతడూ ఎత్తలేదు. ఎత్తవలసిన అవసరం ఇద్దరికీ లేకపోయింది.

ఇది 1946 నుంచి 1951 వరకు సాయుధ పోరాటం నడిచిన జిల్లా. నిజాం పోలీసులనూ, రజాకార్లనూ, 1948 సెప్టెంబరు తరవాత యూనియన్ సైన్యాన్నీ వరసగా చూసిన వూళ్ళివి. పోలీసు పటేలు ఉద్యోగం తండ్రి నుంచి కొడుక్కు దిగిన రోజులు ముసలివాళ్ళకింకా గుర్తే. ఇక్కడ పోలీసువాడు రాజీనామా చేయవచ్చును గాని, అతన్ని చూసి లేచి నిలబడిన మోకాళ్ళు రాజీనామా చేయవు. మా పానగల్ ఛాయా సోమేశ్వరాలయంలో సూర్యుడు ఎటు తిరిగినా గర్భగుడిలోని స్తంభపు నీడ కదలదని యాత్రికులు అబ్బురపడతారు. అందులో మహత్యమేమీ లేదు. పలు స్తంభాల మధ్యనుంచి వెలుగు వచ్చే తీరు అది. నా నీడ కదలకపోవటానికి కూడా కారణాలు ఈ భూమి మీదే వున్నాయి.

కాని భయం సంగతి సగమే. మిగతా సగం రాతకు సంబంధించినది. అసలు నేను చెప్పదలచినదీ అదే.

నా దస్తూరి బాగుంటుంది. అందువల్ల స్టేషన్‌లో చాలాకాలం రైటరుకు సహాయంగా వుంచారు. సాక్షి వచ్చి, "గొర్లు మలుపుకొస్తుంటె లొల్లి ఇనబడ్డది, పోయి జూసిన" అంటాడు. కాగితం మీద అది, "నేను పై గ్రామ నివాసిని, గొర్రెలు కాచుకొని జీవించెదను, సదరు దినమున సాయంత్రం సుమారు 5 గంటల సమయమున" అని మొదలవుతుంది. అయిదు గంటలని అతను అనలేదు. అతని దగ్గర గడియారం లేదు. కేసుకు అయిదు గంటలు కావాలి కనుక అయిదయింది. చివరకు ఎక్కడైనా ఒకటే వాక్యం: చదివి వినిపించగా విని సరియని ఒప్పుకొన్నాడు. నేను నిజంగా చదివి వినిపించిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

ఇక్కడ ఒక విచిత్రం గమనించండి. ఈ కలానికున్న శక్తి ఎటువంటిదో చట్టానికి తెలుసు. పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం ముద్దాయి మీద రుజువుగా పనికిరాదని 1872 నాటి సాక్ష్య చట్టమే 25వ సెక్షనులో చెప్పింది. దర్యాప్తులో రాసుకున్న వాంగ్మూలం మీద సాక్షి చేత సంతకం పెట్టించకూడదన్నది కూడా పాత నిబంధనే. 2024 జూలై 1న కొత్త చట్టాలు వచ్చి సెక్షన్ల అంకెలు మారాయి గాని ఈ రెండు సూత్రాలూ నిలిచాయి. ఈ దేశాన్ని పోలీసులతో ఏలిన తెల్లదొరలే తమ పోలీసువాడి రాతను నమ్మలేదు! అక్షరం వచ్చినవాడు అక్షరం రానివాడి నోట్లో మాట పెట్టగలడని వాళ్ళకు తెలుసు.

బీమా ప్రతిపాదన పత్రం దగ్గరకు వస్తే ఈ జాగ్రత్త తలకిందులవుతుంది. గడచిన అయిదేళ్ళలో వారం దాటి వైద్యం చేయించుకున్నారా? ఆస్పత్రిలో చేరారా? షుగరు, రక్తపోటు, గుండె, మూత్రపిండాలు? దేహంలో అవకరం వుందా? ప్రశ్నల కింద ప్రశ్నలు. నింపేది ఏజెంటు. వేలిముద్ర రైతుది. చదువురాని వానికి విషయమంతా అతని భాషలో వివరించి చెప్పానని, అతడు అర్థం చేసుకొని ముద్ర వేశాడని కింద ఒక ధృవీకరణ. వాక్యం మారింది గాని మనిషిని నేనే, కలమూ అదే. వేలిముద్ర పడగానే నా రాత అతని మాట అయిపోతుంది. అక్కడ నా రాతను అనుమానించిన చట్టం ఇక్కడ ఆ రాతను రైతు మెడకు కడుతుంది.

2018లో ఒక కౌలురైతుకు పాలసీ చేశాను. నలభై ఏళ్ళుంటాయి. పత్తి ఏరే రోజులు, అతనికి తీరిక లేదు, నాకు నెలాఖరు. వ్యాధుల గడులన్నిటిలో "లేదు", "లేదు" అని పై నుంచి కిందికి రాసుకుంటూ పోయాను. అడగలేదు. అడిగితే చెప్పేవాడే, ఎందుకంటే అతనికి దాచటానికి కారణం లేదు. రెండేళ్ళుగా షుగరు మాత్రలు వేసుకుంటున్నాడు. పదహారు నెలలకు గుండె ఆగి పోయాడు. కంపెనీవారు విచారణకు మనిషిని పంపారు. ఆస్పత్రి చీటీలు దొరికాయి. వాస్తవం దాచినందున క్లెయిము చెల్లదని వుత్తరం వచ్చింది. 1938 నాటి బీమా చట్టం 45వ సెక్షనుకు 2015లో తెచ్చిన సవరణ ప్రకారం మూడేళ్ళ లోపల ఆ హక్కు వాళ్ళకున్నది. మోసమని కాక తప్పుడు వివరమని తేల్చారు కనుక కట్టిన ప్రీమియం తిరిగి ఇచ్చారు.

అతని భార్య మా ఇంటికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "రాసింది నువ్వే గద సారూ. మా ఆయన ఏమన్నడని రాసినవు?" అని అడిగింది.

పదకొండేళ్ళ నౌకరీలో నన్ను ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు.

బీమా లోక్‌పాల్‌కు దరఖాస్తు రాసిచ్చాను. జవాబులు అతనివి కావనీ, అడగకుండా నేనే రాశాననీ అందులో రాయాలా వద్దా అని వారం రోజులు ఆలోచించాను. రాస్తే ఏజెన్సీ పోవచ్చును. చివరకు రాశాను; కాని ఆ వారం రోజులనూ పాఠకుల ముందు దాచదలచుకోలేదు. ఫలితం ఆమెకు అనుకూలంగా రాలేదు. ఫారం నింపేటప్పుడు ఏజెంటు ప్రతిపాదకుని తరఫు మనిషే అవుతాడన్న వాదం పాతది, బలమైనది. 1997లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసులో, వినియోగదారు ప్రీమియానికని ఇచ్చిన చెక్కును ఏజెంటు మార్చుకొని, డబ్బు సకాలంలో జమ చేయలేదు. ఈలోగా ఆ మనిషి చనిపోయాడు. ఏజెంటుకు ప్రీమియం వసూలు చేసే అధికారం లేదు కనుక కార్పొరేషన్ బాధ్యురాలు కాదన్నారు. కొనేటప్పుడు ఏజెంటు కంపెనీ ముఖం. నష్టం వచ్చినప్పుడు అతడు ఎవరికీ ఏమీ కాడు.

బీమా ఒప్పందానికి పునాది పరమ విశ్వాసమని మాకు శిక్షణలో నేర్పారు. తనకు తెలిసినదంతా చెప్పటం ప్రతిపాదకుని ధర్మమట. 1766లో ఇంగ్లండులో మాన్స్‌ఫీల్డు ప్రభువు ఆ సూత్రాన్ని చెప్పిన కేసు, సుమత్రాలోని ఒక కోటను దాని గవర్నరు బీమా చేయించిన వ్యవహారం. కోటను ఫ్రెంచివారు పట్టుకున్నారు. శిక్షణలో చెప్పని ముక్క ఒకటున్నది: ఆ కేసులో గెలిచింది బీమా చేయించినవాడే. కోటకున్న అపాయం బీమా ఇచ్చినవానికి తెలియనిది కాదు, తెలుసుకోదలిస్తే తెలుసుకోగలడు అన్నారు. విశ్వాసం రెండు వైపుల నుంచీ వుండాలన్న మాట.

దీన్ని మా జిల్లాకు అన్వయించి చూడండి. నల్లగొండ నీళ్ళలో ఫ్లోరైడు వున్నదని తెలియని కంపెనీ వున్నదా? లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడని చోట అంతకు ఎన్నో రెట్లు తాగి, ముప్పై ఏళ్ళకే వంగిపోయిన మనుషులున్నారు మర్రిగూడ వైపు. పటిక, సున్నంతో ఫ్లోరైడు తీసే పద్ధతికి "నల్లగొండ పద్ధతి" అనే పేరే పడింది. కృష్ణనీళ్ళు మా పానగల్ ఉదయ సముద్రం చెరువుకు చేరి అక్కడినుంచి వూళ్ళకు మంచినీరుగా పోవటానికి తరాలు పట్టింది. అక్కడి ముసలామెను కీళ్ళ జబ్బు వుందా అని అడిగితే, "అందరికున్నదే నాకున్నది, అదేం రోగం బిడ్డా" అంటుంది. వూరంతా కుంటుతున్నప్పుడు కుంటటం వ్యాధి అని ఆమెకు తోచదు. ఆమె "లేదు" అంటే అది అబద్ధమా?

అయితే తప్పంతా ఫారం మీదకు నెట్టి నేను తప్పుకోలేను. నన్ను తొందరపెట్టిన కారణం మాత్రం చెప్పాలి. చట్టం చాలాకాలం కమీషనుకు పెట్టిన హద్దు మొదటి ఏడాది ప్రీమియంలో నూటికి 35, తరవాతి రెండేళ్ళు ఏడున్నర, ఆపైన అయిదు. పాలసీ పుట్టించినవాడికి పంట, దాన్ని కాపాడినవాడికి గడ్డి. 1956 సెప్టెంబరు 1న 245 కంపెనీలనూ సంఘాలనూ కలిపి జీవిత బీమా సంస్థను స్థాపించినప్పుడు, బీమా లాభానికి కాక ప్రజలకని మన పెద్దలు హర్షించారు. హర్షించవలసిన విషయమే. కాని యజమాని మారాడు గాని, ఫారమూ కమీషనూ మారలేదు. వుద్యోగం మార్చుకున్న నాకూ ఆ మాట వర్తిస్తుంది.

ప్రశ్నలు లేని బీమా సాధ్యం కాదా? సాధ్యమేనని 2018 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన రైతు బీమా చూపింది. ప్రీమియం ప్రభుత్వానిది, 18 నుంచి 59 ఏళ్ళ రైతు ఏ కారణంతో పోయినా కుటుంబానికి అయిదు లక్షలు. షుగరు వున్నదా అని అడిగేవాడు లేడు. కాని అది మరొక ప్రశ్న అడిగింది: పట్టాదారు పాసుపుస్తకం వున్నదా? నేను చెప్పిన కౌలురైతుకు అది లేదు. దున్నిన భూమి అతనిది కాదు, రాసిన మాట అతనిది కాదు. ఏజెంటు ఎంత నిజాయితీపరుడైనా ఈ మొదటి లోటును పూడ్చలేడు.

ఇప్పుడు ఒక ఫారానికి గంటన్నర పడుతున్నది. ప్రతి ప్రశ్నా వాళ్ళ మాటల్లో అడుగుతాను, జవాబు రాసి చదివి వినిపిస్తాను. వ్యాపారం సగానికి దిగింది. ఇది గొప్ప సంగతిగా చెప్పటం లేదు. ఎందుకంటే గత నెల ఏమి జరిగిందో చూడండి. ఉదయ సముద్రం కట్ట దిగువన కూరగాయలు పండించే ఒకాయన అన్నీ నిజమే చెప్పాడు. మూడేళ్ళ కింద గుండెకు స్టెంటు వేశారని చెప్పాడు. రాశాను. ప్రతిపాదన తిరస్కరించారు. ఆ మాట చెప్పటానికి వెళ్ళాను. కుర్చీ వేసి, తాను కట్ట మీద కూర్చున్నాడు, నిలబడలేదు.

"అడగకపోతె అయ్యేది గద సారూ?" అన్నాడు.

అయ్యేదే. కాని అతను పోయాక అతని భార్య వచ్చి నన్ను అడిగేది. ఆ మాట నేను పైకి అనలేదు. అతను కాసేపు వూరుకొని, "ఆ రెండు ఫోటోలన్న ఇయ్యిండ్రి, రేషను కార్డుకు పనికొస్తయి" అన్నాడు. సంచిలోనుంచి తీసి ఇచ్చాను.